కర్నూలు, కడప సీమలో చదువు ఛాయాచిత్రణ

చదువుకుంటున్న మనిషిని చదువుతున్న వేళ ఉన్నది ఉన్నట్టుగా పట్టే ఫొటోగ్రఫీ ఈ వ్యాసానికి విషయం. పలక మీద దిద్దే వేళ్లు, ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు పైకప్పు వైపు తిరిగే కళ్లు, తిన్నె మీద బోర్లా పడుకుని రాసుకునే హోంవర్కు, పరీక్ష రోజు గేటు బయట ఆఖరి నిమిషంలో తిరగేసే గైడు, గ్రంథాలయంలో పోటీ పరీక్షల పుస్తకం ముందు కునుకు తీసే నిరుద్యోగి, అన్నీ ఇందులోకి వస్తాయి. బహుమతి ప్రదానాలు, ప్రారంభోత్సవాలు, ర్యాంకుల ప్రకటనలు నిజానికి దీని పరిధిలోవి కావు. అయినా చరిత్ర చెప్పుకోవాలంటే వాటిని పక్కన పెట్టలేం. కర్నూలు, కడప ప్రాంతంలో బడి ఫొటోలకు ఎప్పుడూ కొదవ లేదు. కరువల్లా చదువు ఫొటోలకే.

కర్నూలు, కడప అంటే ఇక్కడ 2022 ఏప్రిల్‌కు ముందున్న ఉమ్మడి జిల్లాలని అర్థం. నంద్యాల, ఆళ్లగడ్డ, రాజంపేట, రాయచోటి కూడా ఇందులో భాగమే. ఏడాదికి సగటున సుమారు 670 నుంచి 700 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. ఆ వాన కూడా వేళకు రాదు. 2011 జనగణనలో కర్నూలు జిల్లా అక్షరాస్యత దాదాపు 60 శాతం, కడపది 67 శాతం. కర్నూలు జిల్లా ఆడవాళ్లలో చదవను, రాయను వచ్చినవాళ్లు ఇంచుమించు సగం మందే. ఇలాంటి చోట ఒక ఆడపిల్ల పుస్తకం పట్టుకుని కూర్చుందంటే ఆ వెనుక ఇంట్లో ఎవరో ఒకరు పట్టుబట్టి ఉంటారు. అందుకే ఈ ఫొటోలకు ఇక్కడ అంత విలువ.

కెమెరాకు ముందు

ఈ ప్రాంతపు వీధిబడి గురించి మనకున్న అతి స్పష్టమైన దృశ్యం ఫొటో కాదు, ఒక కలెక్టరు నివేదిక. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాల్లోని దేశీయ బడుల లెక్క తీయమన్నాడు. బళ్లారి కలెక్టరు ఏ.డి. కాంప్‌బెల్ 1823లో జవాబు పంపాడు. ఆదోని, ఆలూరు తాలూకాలు అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉండేవి, 1953లో కర్నూలులో కలిశాయి. కాబట్టి ఇవాళ్టి కర్నూలు పడమటి మండలాల్లో నాటి చదువు ఎలా ఉండేదో ఆ కాగితాల్లోనే దొరుకుతుంది. బళ్లారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు అని ఆయన లెక్క. లెక్క కంటే విలువైనవి ఆయన చూసి రాసిన వివరాలు. బడి ఉదయం ఆరింటికే మొదలు. ముందుగా వచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్నా చుడతారు, వాడికి మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. ఆ తర్వాత ఎంత ఆలస్యమైతే అన్ని దెబ్బలు. ఇసుకలో వేలితో దిద్దాక గాని ఆకు మీదికో కడితం అనే మడత నల్లగుడ్డ మీదికో పోనిచ్చేవాళ్లు కారు.

మంచి ఫొటోగ్రాఫరు చూడవలసినవన్నీ ఇందులో ఉన్నాయి. చెయ్యి ఏం చేస్తోంది, దేని మీద రాస్తోంది, ఎన్ని గంటలకు, ఎవరు ముందు వచ్చారు, ఎవరు వెనుక. తర్వాతి వందేళ్లలో ఇక్కడ తీసిన బడి ఫొటోల్లో ఇంత దగ్గరి చూపు అరుదు. మన్రో ఆ లెక్కలన్నీ కూడిన మరుసటి ఏడాదే, 1827లో, కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో చనిపోయాడు.

1839 ఆగస్టులో పారిస్‌లో డాగేర్ ఫొటో పద్ధతిని ప్రపంచానికి వెల్లడించారు. అదే ఏడాది అక్టోబరులో ఈస్టిండియా కంపెనీ సైన్యం కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను గద్దె దింపింది. ఈ రెంటికీ సంబంధం లేదు గానీ, కర్నూలు ఇంగ్లీషు పాలన కిందికి రావడమూ, కెమెరా లోకంలోకి రావడమూ ఒకే ఏడు జరిగాయి. మద్రాసులో అలెగ్జాండర్ హంటర్ 1850లో చిత్రకళా పాఠశాల పెట్టాడు. 1856లో మద్రాసు ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. రాయలసీమ పల్లెల్లోకి కెమెరా తెచ్చినవాళ్లలో మిషనరీలు ముఖ్యులు. కడప, జమ్మలమడుగు వైపు లండన్ మిషన్, నంద్యాల వైపు ఎస్.పి.జి. మిషన్, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు బడులు నడిపారు. లండన్ మిషన్ కాగితాలు, ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని సోయస్ గ్రంథాలయంలో ఉన్నాయి. మిషన్ల ఫొటోలు చాలావరకు చందాలిచ్చే దూరదేశపు దాతల కోసం తీసినవి. అందుకే వాటిలో పిల్లలు చదువుతూ కాక, బడి ముందు బారులు తీరి కనిపిస్తారు.

గ్రూప్ ఫొటో

ఆ బారు తీరడం ఆ తర్వాత మనదే అయిపోయింది. ఏడాది చివర, పదో తరగతి వీడ్కోలు రోజున తీసే గ్రూప్ ఫొటో ఈ రెండు జిల్లాల్లో బడి చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. తరగతి గదిలోంచి బెంచీలు బయటికి వస్తాయి. వేపచెట్టు నీడ మచ్చలు మచ్చలుగా ముఖాల మీద పడకుండా ఫొటోగ్రాఫరు అందరినీ గోడ నీడలోకి జరుపుతాడు. ముందు వరుస నేల మీద బాసింపట్టు, రెండో వరుసలో కుర్చీల మీద హెడ్మాస్టరు, అయివార్లు, వాళ్ల వెనుక నిలబడేవాళ్లు, అందరికన్నా వెనుక బెంచీ ఎక్కి నిలబడ్డ పొడుగువాళ్లు. ముందు వరుస మధ్యలో ఒకరి ఒళ్లో పలక. దాని మీద సుద్దముక్కతో ఊరు, తరగతి, సంవత్సరం. ఆ పలకే ఫొటోకు శీర్షిక. ఎన్నో ఇళ్లలో ఫొటో వెనక ఏ రాతా లేకపోయినా ఆ పలక పుణ్యాన ఏ ఏటిదో ఇప్పటికీ తెలిసిపోతుంది.

ఈ ఫొటోను చిన్నచూపు చూసే విమర్శకులున్నారు. బిగుసుకుపోయిన ముఖాలు, నిర్జీవమైన వరుసలు అంటారు. నేను ఒప్పుకోను. ఎవరు కుర్చీలో, ఎవరు నేల మీద, ఆడపిల్లలు ఎంతమంది, కాళ్లకు చెప్పులున్నది ఎందరికి, చొక్కాకు గుండీలన్నీ ఉన్నది ఎవరికి అని భూతద్దం పెట్టి వెతికితే ఒక ఊరి సామాజిక చరిత్ర అక్కడ దొరుకుతుంది. ఒకే బడివి పదేళ్ల ఫొటోలు వరుసగా పరిస్తే ఆడపిల్లల వరుస పెరగడం కంటికే కనబడుతుంది. కాకపోతే ఆ ఫొటో చదువు గురించి ఏమీ చెప్పదు. అది హాజరు పట్టీ లాంటిది.

గ్రూప్ ఫొటో పక్కనే మరో రెండు రకాలున్నాయి. మొదటిది అక్షరాభ్యాసం ఫొటో. నల్లమల అంచున, ఆత్మకూరు దగ్గర శివపురం అడవిలో ఉన్న కొలను భారతి సరస్వతీ క్షేత్రానికి వసంత పంచమి నాడు పిల్లల్ని తెస్తారు. తండ్రి ఒళ్లో బిడ్డ, పళ్లెంలో బియ్యం, బిడ్డ వేలిని పట్టుకున్న పెద్ద చెయ్యి. ఆ ఫొటోలో ఆ రెండు చేతులూ బియ్యమూ ఉంటే చాలు, ముఖాలు లేకపోయినా కథ పూర్తవుతుంది. అయినా ఫోనులు ముఖాల వైపే తిరుగుతాయి. రెండోది పాస్‌పోర్టు సైజు ఫొటో. హాల్‌టికెట్టుకు, బస్ పాస్‌కు, స్కాలర్‌షిప్పుకు స్టూడియోలో నీలం తెర ముందు కూర్చుని తీయించుకున్నది. స్టూడియో గడప తొక్కడమే పదో తరగతి హాల్‌టికెట్టు కోసమైన పిల్లలు పల్లెల్లో ఎందరో. తర్వాతి కాలంలో అదే చిన్న ఫొటో పెరిగి పెద్దదై, జూన్ నెలలో కూడళ్లలో వేలాడే కార్పొరేట్ కాలేజీల ర్యాంకుల ఫ్లెక్సీల్లోకి ఎక్కింది. చదివిన రాత్రులన్నీ పోయి, ముఖమూ నంబరూ మిగిలాయి.

వెలుతురు, బండలు

ఇక్కడ తరగతి గదిలో ఫొటో తీయడం ఎందుకు కష్టమో చెప్పాలంటే బండల దగ్గర మొదలుపెట్టాలి. కడప నల్లబండ, బేతంచెర్ల, బనగానపల్లె వైపు నాపరాయి ఈ ప్రాంతపు నేలలకు, తిన్నెలకు, అరలకు, కొన్నిచోట్ల గోడలకూ వాడకంలో ఉన్నాయి. నున్నగా అరిగిన నల్లబండ వెలుతురును మింగేస్తుంది. సున్నం కొట్టిన గదిలో నేల తెల్లగా ఉంటే కింద పడ్డ వెలుతురు పైకి లేచి, వంగి రాసుకునే పిల్లల ముఖాలను తాకుతుంది. నల్లబండ గదిలో ఆ సాయం ఉండదు. వంచిన ముఖం చీకట్లోకి పోతుంది. తలుపు బయటేమో రాయలసీమ ఎండ. గుమ్మం వెలుగుకూ గది మూలకూ తేడా ఆరు స్టాపులు సులభంగా దాటుతుంది, అంటే 64 రెట్లు. గుమ్మానికి కొలిస్తే పిల్లలు నీడబొమ్మలవుతారు, పిల్లలకు కొలిస్తే గుమ్మం తెల్లటి మచ్చవుతుంది. ఫోన్లలోని హెచ్.డి.ఆర్. పద్ధతి రెండు మూడు ఎక్స్‌పోజర్లు తీసి కలిపేస్తుంది గానీ, ఆ క్షణంలో రాసే చెయ్యి కదులుతుంది కాబట్టి వేళ్లు రెండుగా, బలపం మసకగా వస్తాయి.

దీనికి ఇక్కడి ఫొటోగ్రాఫర్లు పాటించే ఉపాయాలు సులువైనవే. గుమ్మానికి వీపు పెట్టి లోపలికి తీయడం ఒకటి. పక్క కిటికీ వెలుగులో కూర్చున్నవాళ్లను మాత్రమే ఎంచుకుని, మిగతా గదిని చీకటికే వదిలేయడం ఇంకొకటి. తెరిచిన నోటు పుస్తకమే మంచి రిఫ్లెక్టరు. తెల్ల కాగితం మీద పడ్డ వెలుగు గడ్డాన్నీ ముక్కు కొననూ ఎత్తి చూపుతుంది. చదివే మనిషి ముఖానికి కింది నుంచి వచ్చే ఆ మెత్తటి వెలుతురు ఏ ఫ్లాషుతోనూ రాదు. ఫ్లాషు వెలిగిందంటే చదువు ఆగిపోయినట్టే, తరగతంతా కెమెరా వైపు తిరుగుతుంది.

మార్చి నడిమిలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఏడూ ముప్పావు నుంచి పన్నెండున్నర దాకా. ఏటవాలు వెలుతురు తూర్పు గుమ్మంలోంచి నేరుగా వరుసల మధ్యకు వచ్చే తొలి గంట ఫొటోకు మంచి వేళ. పదకొండు దాటితే కానుగ చెట్టు కింద కూడా కళ్లు చికిలించే తెల్లదనం.

పాత మట్టి మిద్దెల్లో ఇంకో వెలుతురు ఉంది. కిటికీలు తక్కువగా ఉండే ఆ ఇళ్లకు పైకప్పులో గవాక్షి ఉంటుంది, వాడుకలో గవాచి. పొద్దు జరిగే కొద్దీ దాని వెలుగు గచ్చు మీద గోడ నుంచి గోడకు నడుస్తుంది. కరెంటు రాని రోజుల్లో, వచ్చినా పోయే రోజుల్లో, పిల్లలు పుస్తకంతో పాటు ఆ వెలుగు వెంట జరుగుతూ కూర్చునేవారు. స్లాబు ఇళ్లు వచ్చాక గవాచి వేగంగా మాయమవుతోంది. ఇప్పుడు తీయకపోతే ఆ వెలుగులో చదివే మనిషి ఫొటో ఇక దొరకదు.

వెలుతురు ఒక్కటే కాదు, కోణమూ చూసుకోవాలి. కర్నూలు, కడప, ఆదోని, ప్రొద్దుటూరులో ఉర్దూ మాధ్యమం బడులు తెలుగు బడుల పక్కనే నడుస్తాయి. కర్నూలులో 1947లో ఉస్మానియా కళాశాల పెట్టిన డాక్టర్ అబ్దుల్ హక్ పేరుతోనే 2016లో ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. ఫొటో తీసేవాళ్లు ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించాలి. కుడిచేత్తో తెలుగు రాసే పిల్ల రాసిన అక్షరాలు చేతికి ఎడమ పక్కన బయటపడి ఉంటాయి. ఎడమ వైపు నుంచి తీస్తే రాసిందీ రాస్తున్నదీ రెండూ కనిపిస్తాయి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి రాసిన మాట చెయ్యి కిందికి పోతుంది. అదే కోణంలో నిలబడితే కనిపించేది రాయబోయే ఖాళీ గీతే. రెండు మాధ్యమాల పిల్లలనూ ఒకే తీరుగా తీస్తే ఒకరి చదువు కనిపించి ఇంకొకరిది కనిపించకుండా పోతుంది.

రుజువు ఫొటోలు

గత కొన్నేళ్లలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో తీసినన్ని ఫొటోలు అంతకుముందు ఎన్నడూ తీయలేదు. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన మనబడి నాడు–నేడు పథకం పేరులోనే ఫొటో ఉంది. బాగు చేయక ముందు ఒకటి, చేశాక ఒకటి. తొలి విడతలో రాష్ట్రమంతటా 15,715 బడులు అందులోకి వచ్చాయి. ఊడిన పెచ్చులు, విరిగిన తలుపులు, ఆ పక్కనే కొత్త రంగులు, బల్లలు, కుళాయిలు. కట్టడాల చరిత్రకు ఆ జతల ఫొటోలు గొప్ప ఆధారం. తర్వాత మధ్యాహ్న భోజనం ఫొటో, మరుగుదొడ్డి ఫొటో, టీచరు ముఖం గుర్తించే హాజరు ఫొటో, అన్నీ యాప్‌లలోకి ఎక్కించే పని అయివార్ల మీద పడింది. పాఠం చెప్పే వేళ ఫోను పట్టుకుని నెట్‌వర్కు కోసం వరండాలో తిరగాల్సి వస్తోందని ఉపాధ్యాయ సంఘాలు గట్టిగానే అభ్యంతరం చెప్పాయి. మరుగుదొడ్ల ఫొటోల పని 2024లో తీసేశారు.

ఆ ఫొటోలన్నిటిలో అన్నం ఉంది, గోడ ఉంది, కుళాయి ఉంది, టీచరు ముఖం ఉంది. చదువుతున్న పిల్ల లేదు. పైవాళ్లకు చూపడానికి తీసిన ఫొటోకు అడిగినదే కనిపిస్తుంది. ఈ కాలపు బడిని రేపు ఎవరైనా పరిశోధిస్తే లక్షల ఫొటోల మధ్య కూర్చుని, ఒక పాఠం ఎలా నడిచేదో తెలియక తికమక పడతారు. ఇది నిజమైన నష్టం, కాబట్టి గట్టిగా చెప్పవలసిందే.

2020లో బడులు మూతపడినప్పుడు కొంత భిన్నమైన ఫొటోలు వచ్చాయి. దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతికి పాఠాలు ప్రసారమయ్యాయి. టీవీ ఉన్న ఇంటి తిన్నె మీద పదిమంది పిల్లలు, ఒకే ఫోను చుట్టూ నాలుగు తలలు, సిగ్నల్ కోసం మిద్దె ఎక్కిన ఇంటర్ పిల్ల. చదువు బడి గోడ దాటి వీధిలోకి వచ్చిన కొన్ని నెలలవి. తీసినవాళ్లు విలేకరులు, టీచర్లు, తోటి పిల్లలు.

సుగ్గి కాలం

కర్నూలు పడమటి మండలాల్లో, కోసిగి, మంత్రాలయం, ఆలూరు, ఆదోని పల్లెల్లో, దసరా దీపావళి దాటాక కుటుంబాలు సుగ్గికి, అంటే వలస పనికి, పోతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణ, కర్ణాటకలకు పత్తి ఏరడానికి. మళ్లీ ఉగాది దగ్గరపడితేనే రాక. చూసుకునేవాళ్లు లేక పిల్లలూ వెంట పోతారు. అవ్వాతాతల దగ్గర మిగిలినవాళ్ల కోసం సీజనల్ హాస్టళ్లు నడుస్తాయి. ఆ నెలల్లో తరగతి గది ఫొటోలో ఖాళీలే విషయం. హాజరు పట్టీలో వరుసగా పడ్డ గైర్హాజరు గుర్తులు, గోడకు చేరేసిన బెంచీలు, నలభై మంది గదిలో మూలకు చేరిన పన్నెండు మంది. వలసే కాదు, హైబ్రిడ్ పత్తి విత్తనం పొలాల్లో పువ్వులకు చేత్తో పుప్పొడి అంటించే క్రాసింగ్ పనికి ఆడపిల్లల్ని పెట్టడం కూడా కర్నూలు ప్రాంతాన్ని చాలాకాలం వెంటాడిన సమస్య.

ఈ తరహా ఫొటోలకు లోకంలో పెద్ద ఆదర్శం ఫొటోగ్రాఫరు లూయిస్ హైన్. 1908 నుంచి అమెరికా జాతీయ బాలకార్మిక సంఘం తరఫున మిల్లులు, గనులు తిరిగాడు. పిల్లల ఎత్తును తన కోటు గుండీలతో పోల్చుకుని జేబులోనే రాసుకునేవాడు. ఫొటోతో పాటు వయసు, పని, గంటలు, బడికి పోయారా లేదా అన్నవీ నమోదు చేసినందువల్లే ఆ ఫొటోలు చట్టసభల్లో సాక్ష్యంగా నిలిచాయి. మన దగ్గర పాత్రికేయుడు పి. సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన పారి గ్రామీణ భారత ఆర్కైవ్, ఫొటోలోని మనిషి పేరు, ఊరు, పని చెప్పడాన్ని నియమంగా పెట్టుకుంది. జాలి పుట్టించే ఫొటో తీయడం తేలిక. ఆ పిల్ల ఏ తరగతి, ఏ నెల నుంచి రావడం లేదు, ఆమె పుస్తకాలు ఎవరి దగ్గరున్నాయి అని అడిగి రాసుకోవడానికి ఓపిక కావాలి.

ఫొటోను పరిశోధన సాధనంగా వాడిన సంప్రదాయం విదేశాల్లో బలంగా ఉంది. బాలి ద్వీపంలో మానవశాస్త్రవేత్తలు గ్రెగరీ బేట్సన్, మార్గరెట్ మీడ్ తీసిన వేల ఫొటోల నుంచి 1942లో ఒక గ్రంథం వచ్చింది. అందులో పెద్దవాళ్లు పిల్లల చేతులు పట్టుకుని నాట్యం నేర్పే దృశ్యాలు వరుసగా ఉన్నాయి. జాన్ కాలియర్ 1967లో దృశ్య మానవశాస్త్రానికి పాఠ్యగ్రంథం రాశాడు. ఆండ్రే కెర్టెస్ దశాబ్దాల పాటు ఊరూరా చదువరుల్ని తీసి, 1971లో ఆ ఫొటోలతోనే ‘ఆన్ రీడింగ్’ వేశాడు. వెండీ ఎవాల్డ్ పిల్లలకే కెమెరాలిచ్చింది, గుజరాత్ పల్లెలో కూడా. మన ప్రాంతానికి చివరి దారే ఎక్కువ సరిపోతుంది. రాత్రి స్టడీ అవర్స్ దగ్గర కూర్చునే అర్హత బయటి ఫొటోగ్రాఫరుకు అంత సులువుగా రాదు, ఆడపిల్లల హాస్టల్లో అసలు రాకూడదు కూడా.

అలాంటి లోపలి చూపుకు వీలున్న చోట్లు ఇక్కడే ఉన్నాయి. 2020లో కడపలో ఏర్పడిన డాక్టర్ వైఎస్ఆర్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో దృశ్యకళలు చదివే పిల్లలున్నారు. చూసి గీయడం నేర్చుకునే తరగతి కంటే మంచి ఫొటో విషయం ఉండదు. ఒకే మట్టికుండ చుట్టూ ఇరవై చూపులు, ఇరవై కాగితాలు. ఇడుపులపాయలో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీకి పదో తరగతి అయిన పల్లె పిల్లలు ఆరేళ్ల చదువుకు వస్తారు. ఆళ్లగడ్డలో శిల్పుల దగ్గర ఉలి పట్టుకునే కుర్రాడిదీ చదువే. ముందు రాతి మీద గీత గీయడం, గురువు దాన్ని చెరిపి మళ్లీ గీయడం, ఆ తర్వాతే సుత్తి.

కడప ఊళ్లో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్, బంగళా కొని పండితుల్ని కూర్చోబెట్టి తెలుగు ప్రతులు పరిష్కరింపజేశాడు. ఆ బంగళా శిథిలాల చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో గ్రంథాలయం లేచింది. తర్వాత యోగి వేమన విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. తాళపత్రాన్ని వెలుగుకు ఏటవాలుగా పట్టి చదివే పరిశోధకుడు అక్కడి ఫొటోల్లో అసలు విషయం. గీసిన అక్షరం లోతు పక్క వెలుగులోనే తేలుతుంది, ఎదురు వెలుగులో మాయమవుతుంది.

అనుమతి, భద్రత

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల ఫొటో విషయంలో తల్లిదండ్రుల అనుమతి మర్యాద మాత్రమే కాదు. సంరక్షణ అవసరమైన పిల్లల, బాధిత పిల్లల గుర్తింపు బయటపెట్టడం 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి అడుగుతుంది. బాల్యవివాహం తప్పించుకుని చదువుతున్న పిల్ల ముఖం వేయనే కూడదు, ఆమె ఒప్పుకున్నా సరే. ఆమె చేతిరాత, పుస్తకం అట్ట, బల్ల మీద గీసుకున్న టైంటేబులు చాలు.

తీసినవి నిలవాలంటే నిల్వ తెలియాలి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరాన్ని ముంచినప్పుడు నీళ్లతో పాటు ఆల్బములు, సర్టిఫికెట్లు, పుస్తకాలు పోయాయి. గోడకు అద్దం కట్టి వేలాడదీసిన గ్రూప్ ఫొటోలు తడిసి అద్దానికి అంటుకుపోయాయి. అలా అంటుకున్నదాన్ని ఆరాక పీకితే బొమ్మ పొర అద్దానికే ఉండిపోతుంది. తడిగా ఉండగానే శుభ్రమైన చల్లని నీళ్లలో ఉంచి మెల్లగా వేరుచేయాలి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలి, ఎండలో కాదు. వేరుకాకపోతే అద్దం మీద నుంచే మరో ఫొటో తీసుకోవడం మేలు. వరద లేని ఏళ్లలో చెదలు, దుమ్ము, నలభై దాటే వేడి ఆ పని నెమ్మదిగా చేస్తాయి. రేకుల పైకప్పు కింద కన్నా మిద్దె లోపలి గదిలో ఫొటో ఎక్కువ కాలం బతుకుతుంది.

ఫోను ఫొటోలకు వేరే చావు ఉంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపగానే ఫొటో సైజు తగ్గి, తీసిన తేదీ, చోటు వివరాలు ఊడిపోతాయి. అందుకే అసలు ఫైలు విడిగా దాచి, ఒక నోటు పుస్తకంలో ఈ వివరాలు రాసిపెట్టాలి: ఊరు, మండలం, తేదీ, వేళ, తరగతి, మాధ్యమం, అప్పుడు జరుగుతున్న పాఠం పేరు, ఎవరు తీశారు, ఎవరు ఒప్పుకున్నారు. పిల్లల పేర్లు మాత్రం వేరే కాగితం మీద ఉండాలి, ఆ కాగితం ఫొటోతో పాటు బయటికి పోకూడదు.